ట్యూబ్ ఆంప్‌లో కండెన్సర్లు: ఏది మారిస్తే గిటార్ సౌండ్‌లో ఏం మారుతుంది

నేను కట్టుకున్న మొదటి ట్యూబ్ ఆంప్ అయిదు వాట్లది. ఒక 12ఏఎక్స్7 (ప్రీఆంప్ ట్యూబ్), ఒక 6వీ6 (పవర్ ట్యూబ్), ఏసీని డీసీగా మార్చడానికి ఒక 5వై3 రెక్టిఫయర్. ఫెండర్ కంపెనీ 1950లలో చేసిన చాంప్ 5ఎఫ్1 సర్క్యూట్ అది. వాల్యూమ్ తప్ప ఇంకో నాబ్ లేదు. సిగ్నల్ దారిలో ఉండేవి రెండే కప్లింగ్ కండెన్సర్లు (ఒక స్టేజీ నుంచి తర్వాతిదానికి సిగ్నల్‌ని దాటించేవి), రెండూ 0.022 మైక్రోఫారడ్. వాటి స్థానంలో బాగా ఖరీదైన, నూనెలో నానబెట్టిన కాగితపు కండెన్సర్లు తెప్పించి పెట్టాను. వాయించగానే సౌండ్ తియ్యగా మారిందనిపించింది. అయితే మార్చకముందు ఒకసారి, మార్చాక ఒకసారి రికార్డు చేసి ఉంచాను. ఏది ఏదో చెప్పకుండా తమ్ముడు వినిపిస్తే కనిపెట్టలేకపోయాను.

వారం తర్వాత 6వీ6 ముందున్న కండెన్సర్ తీసి అక్కడ 0.0047 పెట్టాను. మామూలు పాలియెస్టర్‌దే, కోటిలో కొన్నది. నాలుగు కార్డ్స్ వాయించానో లేదో, వంటింట్లోంచి అమ్మ కేకేసింది: "ఏమైందిరా, సన్నగా వస్తోంది?"

అప్పటి నుంచి నేను పాటించే వరుస ఒకటే. కండెన్సర్ విలువ ఎంత, సర్క్యూట్‌లో ఎక్కడుంది, లీకవుతోందా అని ముందు చూస్తాను. దేనితో చేశారు, ఎవరు చేశారు అన్నది ఆ తర్వాతే. ఈ మార్గదర్శి కూడా ఆ వరుసలోనే నడుస్తుంది. టంకం వేయడం, మల్టీమీటర్ వాడడం వచ్చినవాళ్ల కోసం రాస్తున్నాను. అవి ఇంకా రాకపోతే ముందు గిటార్ పెడల్ కిట్‌లతో చెయ్యి తిప్పుకోండి. అవి తొమ్మిది వోల్ట్లతో నడుస్తాయి, తప్పు జరిగినా ప్రాణం మీదికి రాదు.

ఒకే సర్క్యూట్, వేర్వేరు గొంతులు

కండెన్సర్ విలువలకున్న బలం తెలియాలంటే ఫెండర్ బాస్‌మన్ నుంచి మార్షల్ దాకా జరిగిన ప్రయాణం చూడాలి. 1950ల చివర్లో వచ్చిన బాస్‌మన్ 5ఎఫ్6-ఏ ని ఎదురుగా పెట్టుకుని, 1960ల మొదట్లో లండన్‌లో జిమ్ మార్షల్, కెన్ బ్రాన్, డడ్లీ క్రేవెన్ కలిసి జేటీఎం45 తయారుచేశారు. సర్క్యూట్ దాదాపు అదే. మొదటి ట్యూబ్ క్యాథోడ్ (ఎలక్ట్రాన్లు బయలుదేరే చోటు) దగ్గర 820 ఓముల రెసిస్టర్, దానికి అడ్డంగా 250 మైక్రోఫారడ్ల కండెన్సర్. టోన్ స్టాక్‌లో (ట్రెబుల్, మిడ్, బేస్ నాబ్‌ల సర్క్యూట్) ట్రెబుల్‌కి 250 పికోఫారడ్ల కండెన్సర్, బేస్, మిడ్ వైపుకి సిగ్నల్‌ని పంపే స్లోప్ రెసిస్టర్ 56 కిలోఓములు. సౌండ్ లావుగా, గుండ్రంగా ఉంటుంది.

1960ల చివరికి మార్షల్ వాళ్ల సూపర్ లీడ్ ఆంప్ ఎలా తయారైందో చూడండి. లీడ్ చానెల్ క్యాథోడ్‌ని విడదీసి 2.7 కిలోఓములు, 0.68 మైక్రోఫారడ్ పెట్టారు. కప్లింగ్ 0.0022కి దిగింది. ట్రెబుల్ కండెన్సర్ 500 పికోఫారడ్లయింది, స్లోప్ రెసిస్టర్ 33 కిలోఓములయింది. కొన్ని వెర్షన్లలో వాల్యూమ్ పాట్ మీద 5000 పికోఫారడ్ల బ్రైట్ కండెన్సర్ కూడా చేరింది. ఆంప్ అస్థిపంజరం బాస్‌మన్‌దే. కానీ గొంతు కత్తిలా మారిపోయింది. హార్డ్ రాక్ అనగానే మన చెవిలో మెదిలే ఆ కరకు మిడ్ రేంజ్‌లో ఈ చిన్న చిన్న విలువల వాటా చాలా పెద్దది.

మొదటి మెట్టు: ప్రాణం భద్రం

ఈ భాగం వదిలేసి కిందికి వెళ్లకండి. ట్యూబ్ ఆంప్ లోపల 300 నుంచి 450 వోల్ట్ల దాకా డీసీ ఉంటుంది. ప్లగ్ పీకేసినా ఫిల్టర్ కండెన్సర్లలో (సప్లైలోని డీసీని నునుపు చేసే పెద్ద కండెన్సర్లు) ఆ చార్జి నిలిచి ఉండవచ్చు. కొన్ని ఆంప్‌లలో నిమిషాల తరబడి, ఒక్కోసారి ఇంకా ఎక్కువసేపు.

100 కిలోఓములు, రెండు వాట్ల రెసిస్టర్‌ని రెండు క్లిప్ వైర్ల మధ్య టంకం వేసి, పైన స్లీవ్ తొడిగి ఉంచుకోండి. ప్లగ్ పీకాక ముందు ఒక క్లిప్ చాసిస్‌కి, తర్వాత రెండోది మొదటి ఫిల్టర్ కండెన్సర్ ప్లస్‌కి. అర నిమిషం ఆగండి. తర్వాత మీటర్‌తో ప్రతి ఫిల్టర్ కండెన్సర్ మీదా కొలవండి. అన్నిచోట్లా పది వోల్ట్ల లోపు చూపించాకే చెయ్యి పెట్టండి. స్క్రూడ్రైవర్‌తో షార్ట్ చేసే అలవాటు కొందరికుంది. దానివల్ల నిప్పురవ్వ లేస్తుంది, కండెన్సర్ పాడవుతుంది, చెయ్యి అదిరి ఇంకేదో తగులుతుంది. వద్దు.

అమెరికా నుంచి వచ్చే బంధువుల చేత పాత ఆంప్ తెప్పించుకున్నవాళ్లకు ఇంకో మూడు మాటలు. అది 120 వోల్ట్లది, మన 230కి స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ తప్పనిసరి. 60 హెర్ట్జ్‌కి చేసిన ట్రాన్స్‌ఫార్మర్ మన 50 హెర్ట్జ్ మీద కాస్త ఎక్కువ వేడెక్కుతుంది, మొదటి గంట చెయ్యి ఆనించి చూస్తూ ఉండండి. మూడోది అన్నిటికన్నా ముఖ్యం. రెండు పిన్నుల ప్లగ్ ఉన్న పాత ఆంప్‌లలో మెయిన్స్ వైరుకీ చాసిస్‌కీ మధ్య ఒక కండెన్సర్ ఉంటుంది. దాన్ని డెత్ క్యాప్ అనే పిలుస్తారు. అది షార్టయితే గిటార్ తీగల్లోకి నేరుగా మెయిన్స్ వస్తుంది. దాన్ని తీసేయండి, మూడు పిన్నుల తీగ వేయండి, ఎర్త్‌ని చాసిస్‌కి బోల్టుతో బిగించండి. ఇందులో టోన్ ప్రశ్నే లేదు.

చాన్నాళ్లుగా మూలన పడి ఉన్న ఆంప్‌ని నేరుగా ప్లగ్‌లో పెట్టకండి. రేడియో, టీవీ మెకానిక్‌ల దగ్గర ఉండే సిరీస్ బోర్డు వాడండి. 60 వాట్ల పాతరకం ఫిలమెంట్ బల్బు వరసలో ఉంటే చాలు. స్విచ్ వేయగానే బల్బు ఒకసారి వెలిగి మసకబారితే ఫర్వాలేదు. అలాగే ధగధగా వెలుగుతూ ఉంటే లోపల ఎక్కడో షార్టుంది, వెంటనే ఆపేయండి.

రెండో మెట్టు: పోల్చే పద్ధతి

చెవిని మోసం చేసేది వాల్యూమ్. ఒక డెసిబెల్ పెరిగినా "బాగుంది" అనిపిస్తుంది. క్యాథోడ్ కండెన్సర్ మార్చితే గెయిన్ దాదాపు 6 డెసిబెల్స్ కదలవచ్చు. దాన్ని సరిచేయకుండా విని ఒక నిర్ణయానికి రావడం దండగ.

నేను చేసేది ఇలా. వాయించింది రికార్డు చేసుకుని మళ్లీ మళ్లీ వినిపించే లూపర్ పెడల్‌లో ఒక నిమిషం వాయించి పెట్టుకుంటాను. లావు తీగ మీద ఖాళీగా కొట్టినవి కొన్ని, నిండు కార్డ్స్, సన్న తీగల మీద పన్నెండో ఫ్రెట్ పైన నాలుగు స్వరాలు. ప్రతి మార్పు తర్వాతా అదే లూప్ వినిపిస్తాను. స్పీకర్ టెర్మినళ్ల మీద మీటర్‌ని ఏసీ వోల్ట్లలో పెట్టి, ఒకే చోట ఒకే రీడింగ్ వచ్చేలా వాల్యూమ్ సర్దుతాను. ఫోన్‌ని ఒకే స్టూలు మీద, ఒకే దూరంలో పెట్టి రికార్డు చేస్తాను. తర్వాత ఇంకెవరినైనా వరుస మార్చి వినిపించమంటాను.

ఒకసారికి ఒక్క కండెన్సరే మార్చాలి. నాలుగు కలిపి మారిస్తే ఏది ఏం చేసిందో ఎప్పటికీ తెలియదు.

మూడో మెట్టు: ముందు ఆరోగ్యం, తర్వాత అందం

టోన్ బాగోలేదని నా దగ్గరికి వచ్చిన ఆంప్‌లలో చాలావాటికి కావలసింది మాడిఫికేషన్ కాదు, రిపేరు. ఎలక్ట్రోలిటిక్ కండెన్సర్లలో తడి రసాయనం ఉంటుంది, ఏళ్లు గడిచేకొద్దీ ఎండిపోతుంది. వేడి పది డిగ్రీలు తగ్గితే దాని ఆయుష్షు రెండింతలవుతుందని ఒక మోటు లెక్క. తిరగేస్తే మనకు వర్తిస్తుంది. మే నెలలో విజయవాడలోనో రామగుండంలోనో ఏసీ లేని గదిలో ట్యూబుల పక్కన కూర్చున్న కండెన్సర్ తొందరగా ముసలిదవుతుంది. అందుకే 85 డిగ్రీలది కాకుండా 105 డిగ్రీలదే కొనండి.

గుయ్‌మనే శబ్దం వస్తోందా? లావు తీగ మూడో ఫ్రెట్ మీద వాయించండి. ఆ స్వరం 98 హెర్ట్జ్. మన దేశంలో ఫిల్టర్ కండెన్సర్లు చచ్చిపోతే వచ్చే హమ్ 100 హెర్ట్జ్, అంటే ఆ స్వరానికి కూతవేటు దూరంలో ఉంటుంది. రెండూ కలిసినట్టే వినిపిస్తే ముందు ఫిల్టర్లను అనుమానించండి. హమ్ అంతకన్నా ఒక స్థాయి కింద, 50 దగ్గర ఉంటే హీటర్ వైరింగ్, ఎర్తింగ్, కేబుల్ చూసుకోండి. గోదావరి లాంచీ ఇంజను లాగా డుబ్బు డుబ్బుమంటూ దానంతట అదే కొట్టుకుంటుంటే ప్రీఆంప్ వైపున్న ఫిల్టర్ కండెన్సర్ పోయినట్టే అనుకోవచ్చు.

తర్వాత లీకేజీ. కప్లింగ్ కండెన్సర్ పని ఏసీని పంపి డీసీని ఆపడం. ఒక పక్క 150, 200 వోల్ట్ల డీసీ ఉంటుంది, రెండో పక్క సున్నా ఉండాలి. పాత కాగితపు కండెన్సర్లు ఆ డీసీని కొంచెం కొంచెం జారవిడుస్తాయి. అప్పుడు తర్వాతి ట్యూబ్ గ్రిడ్ (సిగ్నల్ లోపలికి వెళ్లే కాలు) పైకి లాగబడి బయాస్, అంటే ట్యూబ్ పనిచేయడానికి కుదిర్చిన వోల్టేజీ, చెడుతుంది. సౌండ్ బురదగా మారుతుంది. పవర్ ట్యూబ్ అయితే ప్లేటు ఎర్రగా కాలుతుంది.

పరీక్ష ఇలా చేయండి. ఆంప్ ఆపి, చార్జి దింపి, గ్రిడ్ వైపున్న కాలు టంకం ఊడదీయండి. ఆ కాలికీ చాసిస్‌కీ మీటర్ క్లిప్‌లు తగిలించి, చేతులు దూరంగా పెట్టి, ఆంప్ ఆన్ చేయండి. మొదట వోల్టేజీ కనిపించి పడిపోతుంది, అది చార్జి కావడమే. ట్యూబులు వేడెక్కి అంతా కుదుటపడ్డాక కొత్త ఫిల్మ్ కండెన్సర్ అయితే మీటర్ దాదాపు సున్నా చూపాలి. వోల్ట్లలో నిలబడిపోతే మరో ఆలోచన లేకుండా మార్చేయండి. పాత ఆంప్‌లో కండెన్సర్లు మార్చగానే సౌండ్ విచ్చుకుంది అని చెప్పేవాళ్లు అబద్ధం చెప్పడం లేదు. అయితే చాలాసార్లు కారణం కొత్త బ్రాండు కాదు, పాతది లీకవడం.

క్యాథోడ్ మీదున్న 25 మైక్రోఫారడ్ల ఎలక్ట్రోలిటిక్ ఎండిపోతే ఇంకోలా తెలుస్తుంది. హమ్ ఉండదు, గరగర ఉండదు. ఆంప్ మెల్లగా బలహీనపడి పలచగా వినిపిస్తుంది. ఏళ్ల తరబడి జరిగే మార్పు కాబట్టి వాయించేవాళ్లకే తెలియదు.

నాలుగో మెట్టు: కప్లింగ్ కండెన్సర్

ఇక్కడినుంచి టోన్. కప్లింగ్ కండెన్సర్, దాని తర్వాతున్న రెసిస్టర్ కలిసి ఒక జల్లెడ. ఒక హద్దుకి కిందున్న బేస్‌ని తగ్గిస్తాయి. ఆ హద్దు లెక్కకట్టడం తేలిక. రెసిస్టర్‌ని కిలోఓముల్లో, కండెన్సర్‌ని మైక్రోఫారడ్లలో తీసుకుని గుణించండి. 159ని ఆ వచ్చినదానితో భాగించండి. అదే హెర్ట్జ్‌లలో హద్దు. అక్కడ సౌండ్ 3 డెసిబెల్స్ తగ్గి ఉంటుంది, ఇంకా కిందికి పోయేకొద్దీ మరింత తగ్గుతుంది.

నా చాంప్‌లో 6వీ6 ముందు రెసిస్టర్ 220 కిలోఓములు. 0.022 పెడితే హద్దు 33 హెర్ట్జ్. గిటార్ లావు తీగ ఖాళీగా మోగితే 82 హెర్ట్జ్, కాబట్టి దాదాపు అంతా దాటిపోతుంది. 0.0047 పెడితే హద్దు 154కి ఎక్కుతుంది. లావు తీగ మీద మొదటి ఏడెనిమిది ఫ్రెట్ల మూల స్వరాలు సన్నబడతాయి. అమ్మ చెవికి చిక్కింది అదే.

ఈ లెక్కలో జనం పొరబడేది ఒకచోట ఉంది. అదే 0.022 ఒక మెగాఓమ్ వాల్యూమ్ పాట్ ముందుంటే హద్దు 7 హెర్ట్జ్. దాన్ని 0.0047 చేస్తే 34. గిటార్‌కి రెండూ ఒకటే, తేడా దొరకదు. అక్కడ బేస్ కోయాలంటే సూపర్ లీడ్‌లో లాగా 0.0022 దాకా దిగాలి, అప్పుడు 72 హెర్ట్జ్. 0.001 పెడితే 159. అంటే "0.022 కన్నా 0.0047 పలచన" అన్న మాటకు ఎక్కడ పెట్టావో చెప్పకపోతే అర్థం లేదు.

బేస్ ఎందుకు కోయాలి, ఎంతుంటే అంత మంచిది కదా అంటారు కొత్తగా వచ్చినవాళ్లు. క్లీన్‌గా వాయిస్తే నిజమే. కానీ ఆంప్‌ని గట్టిగా తోసినప్పుడు బేస్ ముందే క్లిప్ అయి (అల తల తెగిపోయి) మిగతా అంతటినీ బొంగురు చేస్తుంది. దాంతోపాటు ఇంకో చిక్కు. పవర్ ట్యూబ్ గ్రిడ్‌ని సిగ్నల్ మితిమీరి పైకి నెడితే గ్రిడ్‌లోకి కరెంట్ పారుతుంది, కప్లింగ్ కండెన్సర్ అనుకోని చార్జి ఎక్కించుకుంటుంది. ఆ చార్జి రెసిస్టర్ ద్వారా దిగేదాకా ట్యూబ్ సగం మూసుకునే ఉంటుంది. 0.1 మైక్రోఫారడ్, 220 కిలోఓములైతే దిగడానికి 22 మిల్లీసెకన్ల లెక్క. 0.022 అయితే అయిదు మిల్లీసెకన్ల లోపే. గట్టిగా మీటిన వెంటనే స్వరం గొంతు పట్టేసినట్టు ఆగి, తర్వాత తేరుకుంటుంటే అదే జబ్బు. దానికి మందు చిన్న కప్లింగ్ కండెన్సర్, లేదా గ్రిడ్‌కి వరసగా ఒక గ్రిడ్ స్టాపర్ రెసిస్టర్.

నా సలహా: బేస్‌ని మొదటి స్టేజీల్లో కోయండి, పవర్ ట్యూబుల దగ్గర ఉండనివ్వండి. డిస్టార్షన్ పుట్టకముందే బేస్ తగ్గితే గరుకుతనం శుభ్రంగా ఉంటుంది. చివర్లో కోస్తే బురద అలాగే ఉండి బరువు మాత్రం పోతుంది.

అయిదో మెట్టు: క్యాథోడ్ బైపాస్

నాకు అన్నిటికన్నా ఇష్టమైన చోటు ఇది. ప్రీఆంప్ ట్యూబుల క్యాథోడ్ దగ్గర పది వోల్ట్ల లోపే ఉంటుంది, చవక, చెవికి వెంటనే తెలుస్తుంది.

ట్యూబ్ క్యాథోడ్ కింద రెసిస్టర్ ఉంటే సిగ్నల్‌తో పాటు క్యాథోడ్ వోల్టేజీ కూడా ఊగుతుంది. ఆ ఊగడం గ్రిడ్ మీది సిగ్నల్‌కి ఎదురుపడి గెయిన్ తగ్గిస్తుంది. రెసిస్టర్‌కి అడ్డంగా కండెన్సర్ పెడితే క్యాథోడ్‌ని కదలకుండా పట్టుకుంటుంది, గెయిన్ పూర్తిగా వస్తుంది. కండెన్సర్ చిన్నదైతే పై స్వరాల దగ్గరే పట్టుకోగలదు, బేస్ దగ్గర వదిలేస్తుంది. అంటే విలువ తగ్గేకొద్దీ ట్రెబుల్, మిడ్ ముందుకొస్తాయి, బేస్ ఉన్నచోటే ఉంటుంది.

12ఏఎక్స్7కి 100 కిలోఓముల ప్లేటు రెసిస్టర్, 1.5 కిలోఓముల క్యాథోడ్ రెసిస్టర్ ఉంటే కండెన్సర్ ఉన్నదానికీ లేనిదానికీ తేడా సుమారు 6 డెసిబెల్స్. 25 మైక్రోఫారడ్లు పెడితే ఆ పెంపు గిటార్ స్వరాలన్నిటికీ సమానం. 4.7 పెట్టినా దాదాపు అంతే, ఖర్చు పెట్టి మార్చే పని లేదు. 1 మైక్రోఫారడ్ దగ్గర అసలు ఆట మొదలవుతుంది. పెంపు 100 హెర్ట్జ్ ప్రాంతంలో మొదలై 200 దాటేసరికి చాలావరకు వచ్చేస్తుంది. 0.68 అయితే మరింత పైన, 150 నుంచి 300 దాకా. సూపర్ లీడ్‌లో రెసిస్టర్ కూడా 2.7కి పెరిగింది కాబట్టి బేస్‌కీ మిడ్‌కీ తేడా ఇంకా ఎక్కువ, 8 డెసిబెల్స్ పైనే.

హంబకర్ (రెండు కాయిల్స్ ఉండే) పికప్‌ల గిటార్‌తో బొద్దుగా, బురదగా వినిపించే ఆంప్‌కి నేను మొదట చేసే పని 25ని తీసి 1 పెట్టడం. సింగిల్ కాయిల్ గిటార్ వాయించేవాళ్లకు 25 ఉంచేస్తాను.

రెండు విలువలూ కావాలంటే స్విచ్ పెట్టుకోవచ్చు. స్విచ్‌కి అడ్డంగా ఒక మెగాఓమ్ రెసిస్టర్ వేస్తే కండెన్సర్ ఎప్పుడూ చార్జి అయ్యే ఉంటుంది, మార్చినప్పుడు స్పీకర్‌లో ఢాం అనదు. ప్లస్, మైనస్ చూసుకోండి, ప్లస్ క్యాథోడ్ వైపు. 6వీ6 క్యాథోడ్ మీద 20 వోల్ట్ల దాకా ఉంటుంది కాబట్టి పాత స్కీమాటిక్‌లో 25 వోల్ట్లని రాసి ఉన్నా అక్కడ 50 లేదా 63 వోల్ట్లది వేయండి.

ఆరో మెట్టు: ట్రెబుల్, బ్రైట్

టోన్ స్టాక్‌లో మూడు కండెన్సర్లుంటాయి. ఫెండర్ డీలక్స్ రివర్బ్ ఏబీ763లో ట్రెబుల్‌కి 250 పికోఫారడ్లు, బేస్‌కి 0.1, మిడ్‌కి 0.047 మైక్రోఫారడ్, స్లోప్ 100 కిలోఓములు. మార్షల్‌లో 500 పికోఫారడ్లు, బేస్, మిడ్ రెండూ 0.022, స్లోప్ 33. మొదటిదాంట్లో మిడ్ దగ్గర లోతైన గుంట, అందుకే ఆ గాజులాంటి మెరుపు. రెండోదాంట్లో గుంట తక్కువ, గిటార్ బ్యాండ్ మధ్యలో కూడా నిలబడుతుంది.

ఫెండర్‌లో ట్రెబుల్ కండెన్సర్‌ని 250 నుంచి 500 చేస్తే ట్రెబుల్ నాబ్ ఇంకా కింది స్వరాలను కూడా పట్టుకుంటుంది. తీక్షణంగా పెరగకుండా గొంతు లావెక్కుతుంది. మిడ్‌ది 0.047 నుంచి 0.022 చేస్తే గుంట కొంత పూడుతుంది. బేస్ మెత్తగా వేలాడుతుంటే 0.1ని 0.047 చేసి చూడండి.

బ్రైట్ కండెన్సర్ వాల్యూమ్ పాట్ మీద ఉంటుంది. డీలక్స్ రివర్బ్ వైబ్రాటో చానెల్‌లో 47 పికోఫారడ్లు, ట్విన్ రివర్బ్‌లో 120, కొన్ని సూపర్ లీడ్‌లలో 5000. వాల్యూమ్ తక్కువగా ఉన్నప్పుడే ఇది గట్టిగా పనిచేస్తుంది. పూర్తిగా తిప్పేస్తే కండెన్సర్ రెండు కాళ్లూ ఒకేచోట కలిసినట్టే, ప్రభావం సున్నా. ఇంట్లో రెండు మీద పెట్టి వాయిస్తే చెవులు గీరుతుందనీ, స్టేజీ మీద ఏడు మీద బాగుందనీ అనిపించడానికి కారణం ఇదే. అపార్ట్‌మెంట్‌లో వాయించేవాళ్లయితే 5000ది తీసేయండి, లేదా 100 దగ్గరిది పెట్టండి. ఒక కాలు కత్తిరించి చూస్తే చాలు, నచ్చకపోతే మళ్లీ అతికించుకోవచ్చు.

ఏడో మెట్టు: ఫిల్టర్లు, చేతికి తెలిసే తేడా

ఫిల్టర్ కండెన్సర్ల తేడా చెవికన్నా ముందు చేతికి తెలుస్తుంది. విలువ పెంచితే మీటిన వెంటనే స్వరం గట్టిగా, బిర్రుగా వస్తుంది. తగ్గిస్తే వోల్టేజీ కాస్త కుంగి, మళ్లీ లేచి, స్వరం ఊపిరి తీసుకున్నట్టుంటుంది. చాంప్‌లో 16, 8, 8 మైక్రోఫారడ్లే. ఆ మెత్తదనంలో రెక్టిఫయర్ ట్యూబ్‌కి ఎంత వాటా ఉందో వీటికీ అంత ఉంది.

మరీ తక్కువైతే ఇంకోటి పుడుతుంది. సప్లైలోని 100 హెర్ట్జ్ అల మీరు వాయించే స్వరంతో కలిసి, వాయించని స్వరమొకటి వెనకాల వినిపిస్తుంది. పై ఫ్రెట్ల మీద తీగ లాగినప్పుడు మీ స్వరం పైకి పోతుంటే అది ఎక్కడో అపస్వరంగా కదులుతుంటుంది. అమెరికాలో ఆ అల 120 హెర్ట్జ్. మన దగ్గర అదే కండెన్సర్, అదే లోడుకి అల దాదాపు అయిదో వంతు పెద్దది. కాబట్టి అక్కడి పాత విలువలను కాస్త పెంచడం ఇక్కడ సమంజసమే.

పెంచేటప్పుడు మొదటి కండెన్సర్ జోలికి తొందరపడి పోకండి. రెక్టిఫయర్ ట్యూబ్‌కి హద్దుంది. 5వై3కి 20 మైక్రోఫారడ్లు, జీజెడ్34కి 60. దాటితే స్విచ్ వేసిన ప్రతిసారీ ట్యూబ్ మీద దెబ్బ పడుతుంది. దాని తర్వాతున్న రెండో, మూడో ఫిల్టర్ కండెన్సర్లను పెంచండి. 8ని 22 చేసినా ఇబ్బంది లేదు, హమ్ తగ్గుతుంది, బేస్ బిగుసుకుంటుంది.

ఫిక్స్‌డ్ బయాస్ ఆంప్‌లలో (పవర్ ట్యూబ్ గ్రిడ్‌కి విడిగా నెగటివ్ వోల్టేజీ ఇచ్చేవి) బయాస్ సప్లై కండెన్సర్ తిరగేసి ఉంటుంది. అక్కడ నెగటివ్ వోల్టేజీ కాబట్టి ప్లస్ కాలే చాసిస్‌కి. మిగతావాటిని చూసి అలవాటుగా వేస్తే పేలుతుంది, బయాస్ పోయి పవర్ ట్యూబులు కూడా కాలిపోతాయి. పాతది తీయకముందే ఫోటో తీసుకోండి.

ఎనిమిదో మెట్టు: దేనితో చేశారు?

ఆరెంజ్ డ్రాప్, మార్షల్‌లలోని పసుపు మస్టర్డ్, పాత ఫెండర్‌లలోని నీలి కండెన్సర్లు. వీటి మీద ప్రేమ నాకూ ఉంది, చూడ్డానికే ముచ్చటగా ఉంటాయి. కానీ విలువ కొలిచి సరిగ్గా ఒకటే ఉన్నవాటిని, లీక్ లేనివాటిని పోలిస్తే పాలియెస్టర్‌కీ పాలీప్రొపిలీన్‌కీ మధ్య గిటార్ ఆంప్‌లో తేడా నా చెవికి నిలకడగా దొరకలేదు. పైన 0.022 అని రాసి ఉన్న రెండు కండెన్సర్ల అసలు విలువలు పది శాతం అటూ ఇటూ ఉండటం మామూలే. సెరామిక్‌వైతే 20 శాతం కూడా పోతాయి. చాలామంది బ్రాండు తేడా అనుకునేదాంట్లో ఇదీ ఉంటుంది.

సెరామిక్ విషయంలో మాత్రం నిజమైన తేడా ఉంది. సీ0జీ లేదా ఎన్‌పీ0 రకం నిలకడైనది, ట్రెబుల్‌కీ బ్రైట్‌కీ నిశ్చింతగా వాడొచ్చు, సిల్వర్ మైకాతో సమానం. ఎక్స్7ఆర్, జెడ్5యూ లాంటి రకాల విలువ వోల్టేజీని బట్టి మారుతుంది, తడితే మోగుతాయి కూడా. ఆంప్ ఆన్‌లో ఉండగా పొడి చెక్కపుల్లతో మెల్లగా తట్టి చూడండి, రెండో చెయ్యి జేబులో పెట్టుకుని. స్పీకర్‌లో టంగుమంటే దాన్ని ఆ చోటు నుంచి తప్పించండి.

కొనేటప్పుడు రెండు జాగ్రత్తలు. హైదరాబాద్ కోటిలో గుజరాతీ గల్లీలోనో చెన్నై రిచీ స్ట్రీట్‌లోనో కండెన్సర్ అని ఊరికే అడిగితే ఫ్యాన్‌కి వేసే 2.5 చేతిలో పెట్టవచ్చు. విలువతో పాటు వోల్టేజీ, రకం కలిపి చెప్పండి: "టూ టూ త్రీ, 630 వోల్ట్, పాలియెస్టర్". 223 అంటే 22 తర్వాత మూడు సున్నాలు, 22,000 పికోఫారడ్లు, అదే 0.022 మైక్రోఫారడ్. 222 అంటే 0.0022. 471 అంటే 470 పికోఫారడ్లు. కప్లింగ్‌కి 400 వోల్ట్లు కనీసం, 630 ఉత్తమం. డయోడ్ రెక్టిఫయర్ ఉన్న ఆంప్‌లో ట్యూబులు వేడెక్కకముందే సప్లై పూర్తిగా పైకి లేస్తుంది, ఆ కాసేపూ కండెన్సరే మోయాలి. ఎలక్ట్రోలిటిక్‌లు తెలిసిన షాపులోనే తీసుకుని, వేయకముందు మీటర్‌తో విలువ చూసుకోండి.

చివరి మెట్టు

అన్నీ అయ్యాక సిరీస్ బోర్డు మీద ఒకసారి, తర్వాత నేరుగా. ట్యూబులు వేడెక్కాక పవర్ ట్యూబ్ క్యాథోడ్ వోల్టేజీ కొలిచి, మార్చకముందు రాసుకున్న దానితో పోల్చండి. గంటసేపు గట్టిగా వాయించి మళ్లీ కొలవండి. వేడెక్కాకే బయటపడే లీకేజీ ఉంటుంది, అది ఈ రెండో కొలతలో దొరుకుతుంది. ఆ తర్వాత ఏ చోట ఏ విలువ తీసి ఏది వేశారో, తేదీతో సహా ఒక కాగితం మీద రాసి, వేడి తగలని చోట క్యాబినెట్ లోపలి గోడకి అతికించండి. తీసిన పాత కండెన్సర్లను చిన్న కవర్లో వేసి ఆ పక్కనే పిన్ చేయండి.